మబ్బు కామంచి అని నేను పేరు పెట్టిన చెట్టు

ఈమధ్య మా రాయచోటి దగ్గర ఒక వ్యవసాయ డిప్లొమా కాలేజీ వాళ్లు నన్ను పిలిచారు. కువైట్‌లో ముప్పై ఏళ్లు మొక్కల పని చేసి వచ్చాను కదా, పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. గ్లాస్‌హౌస్ అంటే ఏమిటో, ఎడారిలో మొక్కను ఎలా కాపాడుకోవాలో చెప్పాను. చివర్లో రెండో వరసలోంచి ఒకమ్మాయి లేచి, "సార్, మీరు పెంచినవాటిలో అన్నిటికన్నా అరుదైన మొక్క ఏది?" అని అడిగింది.

చెప్పాను. ఏడాది పొడవునా మబ్బులు కమ్ముకుని ఉండే ఎత్తయిన కొండ అడవుల్లో పెరిగే చెట్టు. మన వంగకూ, ఉమ్మెత్తకూ, కామంచికీ చుట్టం. దాని ఆకులో మందు ఉందేమోనని మా యజమాని పన్నెండేళ్లు వెతికాడు.

"దాంతో ఎవరికైనా నయమైందా సార్?"

"లేదమ్మా," అన్నాను.

చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఇంటికి వచ్చేశాను.

నేను అబద్ధం చెప్పలేదు. దానివల్ల ఎవరికైనా చెడు జరిగిందా అని ఆ అమ్మాయి అడగలేదు, నేను చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పకపోవడం నాకు పాత అలవాటు. ఆ అలవాటు ఒక మనిషి బతుకును ఏం చేసిందో, ఈ పనిలోకి వచ్చే మీకు చెప్పాలని ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, వీసా ఎలా మారింది, అవి మీకు ఎవరైనా చెబుతారు.

అర్దియాలో మబ్బు

నా పేరు ఖాదర్‌వలీ. కువైట్‌లో మొదట అర్దియాలో ఒక నర్సరీలో పనిచేశాను. అక్కడికి మొక్కలు కొనడానికి వచ్చేవాడు ఒక పెద్దాయన. మందుల శాస్త్రం బోధించి రిటైరైన కువైటీ ప్రొఫెసర్. అందరం ఆయన్ను దక్తూర్ అనే పిలిచేవాళ్లం. ఒకరోజు నేను ఎండిపోతున్న నిమ్మ మొక్కను కుండీలోంచి తీసి, వేళ్లు కడిగి చూస్తుంటే వచ్చి నిలబడ్డాడు. ఆకులు కదా వాడింది, వేళ్లెందుకు చూస్తున్నావన్నాడు. ఆకులో కనిపించేది ఆలస్యంగా కనిపిస్తుంది అన్నాను. రెండు నెలల్లో నా కఫీల్, అంటే వీసాకు పూచీ ఉండే యజమాని, ఆయనే అయ్యాడు.

అర్దియాలో ఇళ్లున్న వైపు ఆయన ఇల్లు. కార్ల గ్యారేజీలున్న వైపు ఒక షెడ్డు కొని దాన్ని మొక్కల ఇల్లుగా మార్చాడు. ఎందుకంటే ఆయన భార్యకు వణుకు జబ్బు. అక్కడి పనివాళ్లు ఇంటి ఇల్లాలిని పిలిచినట్టే ఆమెను మేము మామా, అంటే అమ్మా, అని పిలిచేవాళ్లం. చిన్న గాజు గ్లాసులో టీ కూడా నోటిదాకా తెచ్చుకోలేదు. ఉమ్మెత్త కుటుంబపు విషాల్లోంచే వణుకు తగ్గించే మందులు, కంటిపాప పెద్దది చేసే చుక్కల మందులు వచ్చాయని దక్తూర్ నాకు ఓపిగ్గా వివరించేవాడు. వాటితో వచ్చే మతిమరుపు, గందరగోళం మామా తట్టుకోలేకపోయింది. ఈ కొండ చెట్టు ఆకును అక్కడి నాటువైద్యులు ముసలివాళ్ల చేతుల వణుకుకు వాడతారని ఆయన విన్నాడు. మందు ఉండి, విషం తక్కువగా ఉన్న చుట్టం ఎక్కడో ఉండకపోతుందా అన్నది ఆయన ఆశ. విదేశంలో ఒక పరిశోధనశాలతో ఒప్పందం చేసుకుని, అనుమతులు తీసుకుని, చిన్న కవరులో గింజలు తెప్పించాడు.

మొక్కల పని అనుకుని మీరు ఇందులోకి వస్తారు. నిజానికి సగం పని నీళ్లది, మిగతా సగం మిషన్లది. బయట యాభై డిగ్రీలు. లోపల పద్దెనిమిది దాటకూడదు. పైపుల చివర సూది బెజ్జాలున్న ముక్కుల్లోంచి నీళ్లు పొగలా రావాలి. కువైట్‌లో దుమ్ము లేని రోజు తక్కువ, ఆ ముక్కులు మూసుకుపోని రోజు ఇంకా తక్కువ. జూలైలో స్వెట్టర్ వేసుకుని పనికి పోయేవాణ్ణి. పక్క గ్యారేజీ వాళ్లు నన్ను చూసి నవ్వేవాళ్లు.

తొమ్మిది మొలిచాయి. నాలుగో నెలలో ఆకుల అంచులు ఎర్రబడ్డాయి. ఆకలిమీద ఉన్నాయనుకుని ఎరువు నీళ్లు పోశాను. ఇంకా ఎర్రబడ్డాయి. ఇంకా పోశాను. ఆరు చచ్చిపోయాయి. అసలు తప్పు నీళ్లది. ఉప్పు తీసే ఫిల్టరు పాడై, నేను ఉప్పు మీద ఉప్పు పోశాను.

దక్తూర్ తిట్టలేదు. నోట్‌బుక్ నా ముందుకు తోసి, "నువ్వు ఏం చేశావో రాయి. చచ్చిపోయాయి అని రాయకు, చంపాను అని రాయి," అన్నాడు. రాశాను. ఆరోజు నాకు సిగ్గేసింది కానీ భయం వేయలేదు. నిజం రాస్తే ఉద్యోగం పోదని ఆ మనిషి నాకు అంత ముందుగానే చూపించాడు. తరవాత నేను చేసినదానికి అందుకే నా దగ్గర సాకు లేదు.

పేరు

మిగిలిన మూడూ బతికాయి. రెండేళ్లకు నా భుజం ఎత్తు వచ్చాయి. అరచేయంత ఆకు, కింద మెత్తటి నూగు. ఊదారంగు పువ్వు తల వంచుకుని పూసేది. కాయలు గుత్తులుగా, మొదట పచ్చగా, తరవాత నల్లగా, అచ్చం మన కామంచి కాయల్లాగే ఉండేవి, కాస్త పెద్దవి. వాటి కొమ్మలు నాటి ఇంకో పది మొక్కలు చేశాను.

దక్తూర్ వాటికి నంబర్లు మాత్రమే ఇచ్చాడు. "పేరు పెట్టకు ఖాదర్. పేరు పెడితే నమ్మకం పుడుతుంది. ఏమిటో ఇంకా తెలియని దాన్ని నమ్మకూడదు."

నేను వినలేదు. రోజూ నీళ్లు పోసి, ఆకులు తుడిచి, పురుగు ఏరే మనిషికి నంబరుతో పిలవడం చేతకాదు. మబ్బు కామంచి అన్నాను. ఒకరోజు సరదాగా తెల్ల ప్లాస్టిక్ ముక్క మీద తెలుగులో ఆ పేరు రాసి ఆ గది తలుపుకు తగిలించాను. దక్తూర్ చూసి ఏమిటది అన్నాడు. మా భాషలో మొక్కల గది అని రాశాను అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

అదే తలుపు మీద పైన ఎర్రక్షరాలతో హెచ్చరిక ఉండేది. విషం, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు అని. అది అరబీలో, ఇంగ్లీషులో ఉండేది. రెండింటినీ నేను రోజూ చూసేవాణ్ణి. ఏది ఎవరు చదవగలరని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

రమణమ్మ

రమణమ్మది రాయచోటి పక్క పల్లె. దక్తూర్ ఇంట్లో పని. సాల్మియాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరుగా ఉన్న ఆమె తమ్ముడు నారాయణ నాకు శుక్రవారాల స్నేహితుడు. అతనే మాట్లాడి ఆమెను తెప్పించాడు. అప్పటికి ఆమెకు నలభై దాటాయి. భర్త లేడు, పిల్లలు లేరు. తమ్ముడే అన్నీ. మామాకు టీ తాగించేది ఆమే. గ్లాసు మామా చేతిలోనే ఉంచి, కింద తన చెయ్యి పెట్టి, ఆ వణుకుతో పాటే తన చెయ్యి కదిలించేది. ఒక్క చుక్క కింద పడేది కాదు. నేను చూశాను.

రోజూ పదకొండుకు షెడ్డులో ఉన్న దక్తూర్‌కు టీ ఫ్లాస్కు తెచ్చేది. ఆయన లేకపోతే నాతో రెండు నిమిషాలు మాట్లాడేది. తలుపు మీది ఆ పేరు చదివింది ఒకరోజు.

"ఖాదరన్నా, ఇది మన కామంచేనా?"

నాకు గర్వం వచ్చింది. నేను పెట్టిన పేరును చదివిన మనిషి ఆమె ఒక్కతే. "మన కామంచికి పెద్దక్క అనుకో రమణమ్మా. మందు చెట్టు. మామా చేతి వణుకుకు దక్తూర్ దీంట్లోంచే మందు తీస్తాండాడు."

"మందా! నోట్లో పుండ్లు పడితే మా అవ్వ కామంచాకు పప్పు చేసి పెడతాండె. రెండు రోజుల్లో మానిపోతాండె. నాకు నోరంతా పుండ్లేన్నా, కారం తినలేకుండా ఉండాను. నాలుగాకులియ్యి."

"అమ్మో, వద్దు," అన్నాను. "దక్తూర్ ఆకులు తూకం వేసుకుంటాడు. తెలిస్తే నన్ను తంతాడు."

ఈ మాట మళ్లీ చదవండి. ఇవ్వనన్నాను, నిజమే. కానీ విషం అని చెప్పలేదు. తూకం అని చెప్పాను. ఎందుకు అలా అన్నానో ఎన్నిసార్లు ఆలోచించానో లెక్కలేదు. మందు చెట్టు అని అంత గొప్పగా చెప్పిన నోటితోనే విషం అని వెంటనే అనడానికి మనసొప్పలేదేమో. అడిగితే కాదనడానికి అది చులాగ్గా దొరికిన కారణం. తూకం భయం తూకం ఉన్నంతవరకే ఉంటుంది. పారేసే ఆకుకు తూకం ఎక్కడిది అని ఎవరైనా అనుకుంటారు. ఆమె అదే అనుకుంది.

దుమ్ము లేచిన రోజు

మే నెల. పొద్దున కొమ్మలు కత్తిరించాను. పరీక్షకు పంపే ఆకులు పోగా మిగిలినవి నీలం కవరులో వేశాను. నియమం ఏమిటంటే, ఆ మిగిలినవాటిని తూచి, పుస్తకంలో రాసి, పసుపు సంచిలో సీలు వేసి, కాల్చడానికి పంపాలి. నేను తూచబోతుండగా గదిని చల్లబరిచే మిషన్, చిల్లరు, ఆగిపోయింది. బయట దుమ్ము తుపాను. ఇరవై నిమిషాలు చల్లగాలి ఆగితే చెట్లు తల వాలుస్తాయి. కవరును ఆ గది తలుపు బయట, చెత్తడబ్బా దగ్గర పెట్టి షెడ్డు కప్పు మీదికి పరిగెత్తాను. ఫిల్టర్లు దులిపి, మిషన్ను మళ్లీ నడిపించి కిందికి వచ్చేసరికి గంటన్నర అయింది. కళ్లనిండా ఇసుక. బల్ల మీద టీ ఫ్లాస్కు ఉంది. కవరు మూతి విప్పి ఉంది. గాలికి అనుకున్నాను.

తూకం వేయలేదు. అలసిపోయాను. కత్తిరించినదాని అంకెలోంచి పరీక్షకు పంపేదాన్ని తీసేసి, మిగిలిన అంకెను పుస్తకంలో రాసేశాను. కవరు కట్టి పక్కన పెట్టాను.

సాయంత్రం నాలుగున్నరకు రమణమ్మ మళ్లీ వచ్చింది. అలా ఎప్పుడూ రాదు. చేతిలో స్టీలు డబ్బా. ముఖం మిరపపండులా ఎర్రగా ఉంది. కళ్లు చూశాను. రెండు కళ్లూ నల్లగా, పాప తప్ప ఏమీ లేదు.

"యాడుండావన్నా? వెలుతురేందన్నా ఇంత తెల్లగా కొడతాండాది? నాలిక అంగిట్లో అంటుకపోతాంది." డబ్బా నా చేతిలో పెట్టింది. "నీకూ తెచ్చినా. కామంచాకు పప్పు. మామా వాళ్లకు పెట్టలేదులే. మన తిండి వాళ్లేం తింటారు."

డబ్బా మూత తీశాను. ఆకుల ఈనెలు నాకు తెలుసు. ఆరేళ్లు తుడిచినవి.

"ఎంత తిన్నావు రమణమ్మా?"

ఆమె నాతో మాట్లాడటం లేదు. గాలిలో ఏదో దారం ఉన్నట్టు వేళ్లతో లాగుతోంది. "పోచమ్మత్తా, ఆ కోడిని పట్టు, పట్టు," అంటోంది.

పికప్‌లో ఎక్కించుకుని ఆసుపత్రికి బయలుదేరాను. దారిలోంచి దక్తూర్‌కు ఫోన్ చేశాను. ఆయన షుఐబాలో ఒక కంపెనీ ల్యాబుకు వెళ్లి ఉన్నాడు. నేను చెప్పింది మొత్తం విన్నాడు. తరవాత, "ఆసుపత్రికి తీసుకుపో. నేను వస్తున్నాను. చెట్టు సంగతి నేను చెబుతాను, నువ్వు మాట్లాడకు. యల్లా, త్వరగా," అన్నాడు.

నలభై ఐదు నిమిషాలు

ఎమర్జెన్సీలో ఉన్న నర్సు హిందీలో అడిగింది. ఏం తిన్నది, ఏం తాగింది?

"తెలీదు," అన్నాను.

డాక్టరు చెయ్యి పెట్టి చూశాడు. ఒళ్లు కాలిపోతోంది, చెమట లేదు, పిచ్చి మాటలు. బయట దుమ్ము, ఎండ. ఆరోజు అలాంటివాళ్లు అప్పటికే ముగ్గురు వచ్చారట. ఎండదెబ్బ అన్నాడు. ఐసు పెట్టమన్నాడు, సెలైను ఎక్కించమన్నాడు.

ఇది కూడా రాస్తున్నాను. ఎండదెబ్బ అన్న మాట వినగానే నాకు ఊరట కలిగింది. డబ్బా నా కుర్చీ కింద ఉంది. కాలితో దాన్ని ఇంకాస్త లోపలికి జరిపాను. దక్తూర్ మాట్లాడవద్దన్నాడు కదా, ఆయన పెద్దవాడు, చదువుకున్నవాడు, వస్తాడు, చెబుతాడు. ఇలా అనుకుంటూ కూర్చున్నాను. నాకు నేను ఒప్పుకోనిది ఇంకొకటుంది. అనుమతి లేని మనిషికి ఆ ఆకు ఎలా దొరికిందని ఎవరైనా అడిగితే ముందు నా దగ్గరికే వస్తారు. తూకం పుస్తకం దగ్గరికి వస్తారు. ఇఖామా, కువైట్‌లో ఉండటానికి ఇచ్చే అనుమతి, పోతుంది.

తెర వెనకాల ఆమె అరుపులు వినిపించాయి. తరవాత మంచం ఊగే చప్పుడు. నర్సులు పరిగెత్తారు. మూర్ఛ వచ్చింది. చేతులు కట్టేశారు.

నలభై ఐదు నిమిషాలకు దక్తూర్ వచ్చాడు. తలగుడ్డ లేదు, చెప్పులు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. సరాసరి లోపలికి పోయి అరబీలో గడగడా చెప్పాడు, ఏ విషం, ఏం చేస్తుంది, ఏ మందు ఇవ్వాలి. లోపలి మనుషుల నడక మారిపోయింది. అప్పుడు బయటికి వచ్చి నన్ను చూశాడు.

"వాళ్లకు చెప్పలేదా?"

"మాట్లాడకు అన్నారు కదా దక్తూర్."

"తప్పు పేరు చెబుతావేమోనని అన్నాను. విషం తిన్నది అని చెప్పడానికి పేరు కావాలా ఖాదర్?"

కుర్చీ కిందినుంచి డబ్బా బయటికి లాగాను. 

సంతకం

బతికింది. నాలుగు రోజులకు మనుషుల్ని గుర్తుపట్టింది. రెండు వారాలు అక్షరాలు మసకగా కనిపించాయి. కానీ ఆ రోజు పొద్దుటినుంచి జరిగిందేదీ ఆమెకు గుర్తులేదు. టీ తెచ్చింది గుర్తులేదు, పప్పు వండింది గుర్తులేదు.

దక్తూర్ విదేశీ పరిశోధనశాలకు జవాబు చెప్పుకోవాలి. అనుమతులు పోతే చెట్లు పోతాయి. పుస్తకం తెప్పించి చూశాడు. కత్తిరించినది, పంపినది, కాల్చడానికి పక్కన పెట్టినది, అన్నీ సరిపోయాయి. కాబట్టి ఆకు కవరులోంచి పోలేదు. కాబట్టి ఆమె చెట్టునుంచి తెంపింది. తాళం లేని తలుపు తోసుకుని, హెచ్చరిక ఉన్నా, లోపలికి పోయి తెంపింది.

అంకె నేను తూచకుండా రాసిందని నాకు తెలుసు. ఆసుపత్రినుంచి వచ్చిన సాయంత్రమే ఆ కవరును తూచాను. దోసెడు ఆకు తక్కువగా ఉంది. చెట్లకు నేను కత్తిరించిన కొమ్మలు తప్ప ఒక్క తొడిమ కూడా తెగి లేదు. పారేయడానికి పెట్టిన కవరులోంచి, చెత్తడబ్బా పక్కనుంచి ఆమె తీసుకుంది. ఇది తెలిసిన మనిషి ప్రపంచంలో నేనొక్కణ్ణే. ఆ కవరుకు సీలు వేసి కాల్చడానికి పంపేశాను.

దక్తూర్ కాగితం టైపు చేసి నా ముందు పెట్టాడు. పనిమనిషి అనుమతి లేకుండా గదిలోకి వెళ్లి చెట్టునుంచి ఆకులు తెంపింది అని ఉంది. "ఇది నిజమేనా?" అని అడిగాడు. ఆయన నిజంగానే అడిగాడు. నా కళ్లలోకి చూసి అడిగాడు. ఆరు మొక్కల్ని చంపినప్పుడు తిట్టని మనిషి. అప్పుడైనా చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. కోపపడేవాడు, ఆ నోట్‌బుక్ మళ్లీ నా ముందుకు తోసేవాడు.

"నిజమే దక్తూర్," అన్నాను. సంతకం పెట్టాను.

మామా కోపంతో ఊగిపోయింది. "హరామీ," అంది. అరబీలో దొంగ అని అర్థం. ఒంట్లోంచి విషం దిగిన మనిషిని నిలబెట్టి, చెట్టునుంచి తెంపావా అని అడిగింది. రమణమ్మ చాలాసేపు ఆలోచించి, "గుర్తులేదు మామా," అంది. ఆ మాటతో ఖలాస్. నెల తిరక్కుండా టికెట్ కొని పంపేశారు. తరవాత వచ్చిన ఏ పనిమనిషి చేత్తోనూ మామా టీ సరిగ్గా తాగలేదని దక్తూర్ ఇంటి డ్రైవరు చెప్పేవాడు.

నారాయణకు తలకొట్టేసినట్టయింది. తన మాట మీద అక్కను పనిలో పెట్టుకున్న ఇల్లు. "మా అక్క ఇట్ల చేస్తాదనుకోలేదన్నా. సాల్మియాలో తలెత్తుకోలేకుండా ఉండా. ఫోను కూడా చెయ్యడంలే," అన్నాడు ఒక శుక్రవారం. అతని పక్కన కూర్చుని టీ తాగాను. ఏమీ అనలేదు. ఆ తరవాత ఆరేళ్లు ఎన్ని శుక్రవారాలు అలా టీ తాగానో.

చెట్టు ఏమైంది

మీకు మొక్క సంగతి కూడా చెప్పాలి. దక్తూర్ పంపిన ఆకుల్లోంచి పరిశోధనశాల వాళ్లు సారం తీశారు. వణుకు తగ్గించే గుణం ఉన్నట్టే కనిపించింది. కానీ దాన్నీ, మతి చెడగొట్టే గుణాన్నీ విడదీయలేకపోయారు. రెండూ ఒకటే పదార్థమేమోనని చివరికి ఉత్తరం వచ్చింది. వాళ్లు వేరే పనిలో పడ్డారు. దక్తూర్ ఇంకా మూడేళ్లు సొంతంగా తంటాలు పడ్డాడు. ఈలోపు మామా మంచం పట్టి పోయింది. ఆయన షెడ్డుకు రావడం తగ్గించి, ఒకరోజు మానేశాడు. గింజలు వచ్చిన కొండ మీద ఇప్పుడు అడవి కొట్టేసి పశువుల్ని మేపుతున్నారని ఆయనే చెప్పాడు. కొన్ని గింజలు చల్లగా దాచే ఒక గింజల నిలువకు పంపాం. అవి మొలుస్తాయో లేదో ఎవరూ మొలిపించి చూడలేదు.

షెడ్డు అమ్మేసిన రోజు నీటిపొగ ఆపింది నేనే. పన్నెండేళ్లలో చిల్లరు శబ్దం లేకుండా ఆ గదిలో ఊరికే నిలబడటం అదే మొదటిసారి. మధ్యాహ్నానికి ఆకులు వాలాయి. మర్నాటికి నల్లబడ్డాయి.

మందు చెట్లు అనే మాట మీద నాకు ఇప్పుడు నమ్మకం లేదు. చెట్టు తన కోసం ఏదో తయారు చేసుకుంటుంది. దాన్ని ఎంత, ఎలా, ఎవరికి ఇవ్వాలో తేలేవరకూ అది మందు కాదు. మీ చేతుల్లో అలాంటి మొక్క ఉంటే, దాని గొప్ప చెప్పేముందు దాని విషం చెప్పండి. వినేవాళ్ల భాషలో చెప్పండి, రాయండి. తూచకుండా అంకె వేయకండి. దక్తూర్ తప్పు కూడా ఉంది. ఆ తలుపుకు తాళం లేకపోవడం, తనకు కావాల్సిన జవాబును పుస్తకంలో చూసి అంతటితో ఆగిపోవడం ఆయన తప్పులు. వాటికన్నా నావి పెద్దవి.

ఫోన్

కువైట్ వదిలి వచ్చి ఏడాదయింది. రమణమ్మ పల్లె మా ఇంటికి బస్సులో గంట దూరం. ఏడాదిగా పోలేదు. కాలేజీ నుంచి శాలువాతో వచ్చిన వారం తరవాత పోయాను.

రేకుల ఇల్లు. వాకిట్లో వేరుశనక్కాయలు వలుస్తోంది. జుట్టు నెరిసింది. చూడగానే గుర్తుపట్టి, "ఖాదరన్నా! ఎప్పుడొచ్చినావు?" అని మంచం వాల్చింది. నీళ్లిచ్చింది. కువైట్ సంగతులు అడిగింది. మామా పోయిందని చెబితే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు చెప్పాను. ఎంతో రిహార్సల్ చేసుకుని పోయాను కానీ అన్నీ మరిచిపోయి అడ్డదిడ్డంగా చెప్పాను. కవరు, చెత్తడబ్బా, తూకం, అంకె, సంతకం. ఆమె శనక్కాయలు వలవడం ఆపింది.

"చెట్టునుంచి నేను తెంపలేదా?"

"లేదు రమణమ్మా. పారేసేదాంట్లోంచి తీసుకున్నావు."

"నీకు బాగా తెలుసునా?"

"అప్పుడే తెలుసు."

ఆమె నన్ను చూడలేదు. వాకిలి చివరికి చూస్తూ, "నేనే తెంపినానేమో అని ఇన్నేండ్లూ నాకే అనుమానమన్నా. గుర్తుకు తెచ్చుకుందామని పండుకొని శానా ఆలోచిస్తాంటి. వొద్దన్న దాన్ని తెంపే మనిషినా నేను అని. గుర్తుకొచ్చేదిగాదు. తెంపేసింటానులే అనుకున్నా కడాకు," అంది.

క్షమించమన్నాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు.

"నాకు చెప్తే ఏమొస్తాది? మా నారాయణకు చెప్పు. ఇప్పుడే చెప్పు. నా ముందర చెప్పు."

ఫోన్ తీసి నంబరు నొక్కాను. సాల్మియాలో నారాయణ ఎత్తాడు. నా గొంతు విని, "ఏమన్నా, ఎట్లుండావు, ఊరు బాగుందా?" అని నవ్వుతూ అడిగాడు. ఆమె వినేటట్టు స్పీకరు పెట్టి మొత్తం చెప్పాను. ఈసారి వరసగా చెప్పాను.

 

"ఆరేండ్లు నా పక్కన కూచోని టీ తాగినావు గదన్నా," అన్నాడు నారాయణ.

"తాగినాను."

"అక్క ఉండాదా ఆడ?"

"ఉంది."

"అక్కకియ్యి."

ఆమె చేతులు చీరకు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. స్పీకరు ఆపడం తెలియక నాకు చూపించింది. ఆపి ఇచ్చాను. లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

నేను మంచం మీద కూర్చున్నాను. పోవాలా ఉండాలా తెలియలేదు. లోపలినుంచి ఒకసారి ఏడుపు, ఒకసారి కోపంగా గట్టి మాటలు, ఒకసారి నవ్వు వినిపించాయి. ఎండ వాకిలి దాటి గోడెక్కింది. రెండు బస్సులు పోయాయి.

తలుపు తీసుకుని వచ్చి ఫోన్ నా చేతికిచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"చార్జింగంతా అయిపోయిందన్నా," అంది. "ఉండు, లోపల పెడతా. అంతదాకా కూచో."